సబ్బుకు దొరికిన అరగంట

కూతురు రసజ్ఞను స్కూలు బస్సు ఎక్కించి, లిఫ్టులో పద్నాలుగో అంతస్తుకు తిరిగివచ్చి, తలుపు తాళం తిప్పుతుండగానే లోపలి నుంచి అత్తగారి పిలుపు వినిపించింది.

"హరితా..."

"వచ్చానత్తమ్మా."

చెప్పులు విప్పి హాల్లోకి వెళ్ళింది హరిత. సరోజమ్మ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. చేతికందే దూరంలో వాకర్ ఉంది. కిటికీ బయట తెల్లాపూర్‌లో కొత్తగా లేస్తున్న టవర్ల మీద క్రేన్లు మెల్లగా తిరుగుతున్నాయి.

"ఏం కావాలి? మంచినీళ్ళా?"

"ఏం వద్దులేమ్మా. వచ్చినావో లేదో అని."

రోజుకు ఈ పిలుపు ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్కపెట్టడం హరిత ఎప్పుడో మానేసింది. స్నానానికి వెళితే పిలుపు. దీపం పెడుతుంటే పిలుపు. పొయ్యి మీద పాలు పొంగే వేళకు పిలుపు. పరుగెత్తుకుంటూ వెళితే "ఏం లేదులే" అనే మాట. నాలుగేళ్ళ క్రితం సరోజమ్మ బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది, వాకర్ పట్టుకుని ఇల్లంతా తిరిగేంత కోలుకుంది. పిలుపు మాత్రం తగ్గలేదు.

వంటింటి పక్క గది తలుపు వేసి ఉంది. అంటే భర్త మధుసూదన్ మీటింగ్‌లో ఉన్నాడని. ఆ తలుపు వేసి ఉన్నంతసేపూ ఇంట్లో మిక్సీ తిరగకూడదు, కుక్కర్ కూత పెట్టకూడదు, టీవీ మోగకూడదు. పొద్దున తొమ్మిదికి మూసుకున్న తలుపు మధ్యాహ్నం ఒంటిగంటకు అరగంట సేపు తెరుచుకుంటుంది. మళ్ళీ మూసుకుంటే అమెరికా వాళ్ళు తెల్లవారి ఆఫీసుకొచ్చి, వీళ్ళతో మాట్లాడటం ముగించేదాకా తెరుచుకోదు. అడుగు చప్పుడు లేకుండా నడవడం హరితకు ఎవరూ నేర్పలేదు, అదే వచ్చేసింది.

వంటింటి వెనక, గిన్నెలు కడిగే యుటిలిటీలో పనమ్మాయి మమత ఒక స్టీలు గిన్నెను తలకిందులు చేసి అడుగు మీద తడుతోంది.

"అక్కా, గిది మల్ల గట్టిగైందా? గడ్డపార తెస్తెగాని ఊడేటట్టు లేదు."

"మెల్లగా తట్టు మమతా, లోపల మీటింగ్ నడుస్తోంది. వేడినీళ్ళు పోసి నానబెట్టు. గ్లవ్స్ తియ్యకు, సబ్బు ఘాటు ఇంకా పోలేదు."

మమత గొంతు తగ్గించింది. "మూడుసార్లాయె గిట్ల అవుడు. ఎవరి దిష్టన్న తగిలిందేమో. జర ఉప్పు తిప్పి పడెయ్యక్కా."

"దిష్టి కాదు. తప్పు నాదే. ఎక్కడో తెలియట్లేదు."

సబ్బు తయారీ మొదలుపెట్టింది అత్తగారి కోసమే. మంచంలో పడుకుని పడుకుని సరోజమ్మ చర్మం పొలుసులుగా లేచిపోతే, ఏ సబ్బు రుద్దినా మంట అంటే, వీడియోలు చూసి కొబ్బరినూనె, తవుడు నూనె, ఆముదం కలిపి ఒక అచ్చు పోసింది. అది బాగా కుదిరింది. పై అంతస్తు వాళ్ళు అడిగారు, పక్క బ్లాకు వాళ్ళు అడిగారు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో తొమ్మిదేళ్ళు పనిచేసి ఇంట్లో కూర్చున్న మనిషికి, తన చేత్తో చేసిన వస్తువును ఇంకొకరు వాసన చూసి "బాగుందండీ" అనడం ఎంత పెద్ద సంగతో మధుసూదన్‌కు తెలియదు. "టైంపాస్ అవుతుందిలే" అన్నాడు అప్పట్లో.

ఇప్పుడు కూకట్‌పల్లి నుంచి జయంతి గారు తన కూతురి సీమంతానికి వచ్చేవాళ్ళకు ఇవ్వడానికి అరవై సబ్బులు అడిగారు. కూతురికి మల్లెపూల వాసన ఇష్టమట. పోసిన సబ్బు ఘాటు దిగి వాడకానికి రావాలంటే నాలుగు వారాలు ఆరాలి. సీమంతానికి సరిగ్గా ఇరవై తొమ్మిది రోజులుంది. ఇవాళ పోస్తేనే ఆ సబ్బు సీమంతానికి అందుతుంది.

మొదటిసారి గడ్డకట్టినప్పుడు హరిత మల్లె నూనెను అనుమానించింది. పూల వాసనల నూనెలు కొన్ని సబ్బును బిగిసిపోయేలా చేస్తాయని చదివింది. అది వేయకుండా రెండోసారి చేసింది. నూనెలో కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు పోసి బ్లెండర్ పెట్టగానే జావలా మారాల్సింది కాస్తా ముద్దయి, గరిట నిలబెడితే నిలబడింది. కోకమ్ బటర్ లాంటి గట్టి కొవ్వు ఎక్కువైతే తొందరగా చిక్కబడుతుందని ఎవరో అంటే, అది తగ్గించి మూడోసారి చేసింది. కాస్టిక్ సోడా కొత్త డబ్బా తెచ్చింది. తూకం యంత్రం మార్చింది. అదే తంతు. అచ్చుల్లో పోసేలోపే గిన్నెలో రాయి.

మమత వెళ్ళిపోయాక ఫోన్ తీసి చూసింది. సబ్బులు చేసేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో రాత్రి తను పెట్టిన ప్రశ్నకు విజయవాడ నుంచి రత్నమాల గారు వాయిస్ మెసేజ్‌లో జవాబిచ్చారు. పదిహేనేళ్ళుగా ఇదే పని మీద ఉన్న మనిషి.

"హరిత గారూ, మీరు నూనె, సోడా నీళ్ళు ఎంత వేడి మీద కలుపుతున్నారండి? బ్లెండర్ ఆపకుండా ఎంతసేపు తిప్పుతున్నారు? నాకెందుకో మీరు తొందరపడుతున్నారేమో అనిపిస్తోంది. సోడా నీళ్ళు చల్లారడానికి వదిలెయ్యండి. గిన్నె బయట చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండాలి, అంతే. బ్లెండర్ నాలుగు క్షణాలు తిప్పి ఆపెయ్యండి. గరిటెతో కలపండి. మళ్ళీ నాలుగు క్షణాలు. సెంటు చివర్లో. మొత్తం గంటన్నర పనండి ఇది."

గంటన్నర. హరిత ఆ మాటను రెండోసారి విన్నది.

సోడా నీళ్ళను చల్లారబెట్టడం ఆమెకు తెలియక కాదు. "ఆ విషాన్ని ఇంట్లో అయిదు నిమిషాలు కూడా అలా వదిలెయ్యకు, అమ్మ అటూ ఇటూ తిరుగుతుంటుంది" అని మధుసూదన్ పెట్టిన నియమం ఉంది. అందుకే కలిపిన వెంటనే, చేతులు కాలే వేడి మీదే నూనెలో పోస్తోంది. బ్లెండర్ చప్పుడు చేయడానికి దొరికేది ఒంటిగంట తర్వాతి అరగంట. అందులోనూ అతనికి అన్నం వడ్డించాక మిగిలేది. అందుకే మీట నొక్కిన చెయ్యి తీయకుండా తిప్పుతోంది. జబ్బు ఏమిటో తెలిసింది. మందు మాత్రం ఆ ఇంట్లో దొరకదు.

"హరితా..."

వెళ్ళింది.

"ఏం లేదులే. సబ్బు మళ్ళా చెడిపోయిందంటనే. మమత చెప్తాండె."

"అవునత్తమ్మా."

"ఉడుకుడుకు మీద పోస్తాండావేమో. సంగటికి పిండి పోసినాక ఎంటనే గెలికితే ఉండలు కడ్తాది. మూతపెట్టి కాసేపు దాని మానాన దాన్ని వదిలెయ్యాల. ఆపైన కట్టె పట్టుకోవాల."

"ఇది సంగటి కాదత్తమ్మా," అంది హరిత కాస్త విసురుగా. అనేశాక, రత్నమాల గారు చెప్పిందీ ఇదే కదా అని తోచింది. కానీ అప్పటికే ఇవతలికి వచ్చేసింది.

పదకొండింటికి మధుసూదన్ మంచినీళ్ళ కోసం బయటికొచ్చాడు. మెడ చుట్టూ హెడ్‌సెట్ వేలాడుతోంది.

"మధూ, ఇవాళ నాకు గంటన్నర టైం కావాలి. మధ్యమధ్యలో కొంచెం చప్పుడవుతుంది. నువ్వు అమ్మ గదిలో కూర్చుని కాల్స్ తీసుకుంటావా?"

"ఆ గదిలో వైఫై సరిగ్గా అందదు హరితా. ఇవాళ అసలే కొత్త వెర్షన్ రిలీజ్. రేపు చూద్దాం."

"రేపైతే టైం సరిపోదు. సీమంతానికి..."

"ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాకా ఖాళీగానే ఉంటా కదా. రోజూ లాగే చేసుకో."

తలుపు మూసుకుంది.

ఒంటిగంటకు అతను బయటికి వచ్చేసరికి హరిత నూనెలు కరిగించి, అచ్చులు పరిచి, సోడా నీళ్ళు కలిపి, ఆ గిన్నెను చల్లటి నీళ్ళ టబ్బులో దించి పెట్టింది. అంతకన్నా తొందరగా చల్లార్చే ఉపాయం ఆమెకు తోచలేదు. అతనికి అన్నం, గోంగూర పప్పు వడ్డించింది. అత్తగారికి కంచం అందించింది. అతను పెరుగు అడిగాడు. ఆమె ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది. అత్తగారు పిలిచింది. మందు బిళ్ళ ఇచ్చింది. యుటిలిటీలోకి వచ్చి చూస్తే గడియారం ఒంటిగంట పద్దెనిమిది. గిన్నె మీద చెయ్యి పెట్టింది. ఇంకా చురుక్కుమంటోంది.

ఆగాలని మనసు చెబుతోంది. ఆగితే ఇవాళ్టికి సబ్బు లేదు. గ్లవ్స్ బిగించి, కళ్ళద్దాలు పెట్టుకుని సోడా నీళ్ళను నూనెలోకి వంచింది. బ్లెండర్ మీట నొక్కింది. నాలుగు క్షణాలు, ఆపింది. గరిటెతో తిప్పింది. పాలలా తెల్లగా, పల్చగా కదిలింది. ఆశ పుట్టింది. మళ్ళీ నొక్కింది. గడియారం వైపు చూసింది. ఒకటీ ఇరవై నాలుగు. ఈసారి వేలు తీయలేదు. గిన్నెలోది జావ అయింది, జావ ముద్ద అయింది, బ్లెండర్ మూలుగుతూ ఇరుక్కుపోయింది. ఆమె రెండు చేతులతో గిన్నె పట్టుకుని ఇంకా నొక్కుతూనే ఉంది.

వెనక తలుపు విసురుగా తెరుచుకుంది.

"హరితా. ఆపు."

ఆమె ఆపింది. మధుసూదన్ గుమ్మంలో నిలబడ్డాడు. హెడ్‌సెట్ మైకును పిడికిట్లో మూసి పట్టుకున్నాడు.

"పక్కనే ఏదో డ్రిల్లింగ్ జరుగుతోందా అని క్లయింట్ అడుగుతున్నాడు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"ఒకటిన్నర దాకా ఖాళీ అన్నావు."

"కాల్ ముందుకు జరిగింది. ప్రతిదీ నీకు చెప్పి జరపాలా?"

"చెప్పాలి. నీ తలుపు ఎప్పుడు తెరుచుకుంటే అప్పుడే నేను గట్టిగా ఊపిరి తీసుకోవాలన్నప్పుడు చెప్పాలి మధూ. నాలుగుసార్లు పాడైంది ఈ సబ్బు. నూనె మార్చాను, సెంటు మార్చాను, సోడా మార్చాను. ఏం మార్చాల్సిందో ఇవాళ తెలిసింది. నాకు గంటన్నర కావాలి. ఇరవై నాలుగు గంటల్లో గంటన్నర. ఈ ఇంట్లో అది లేదు."

"గొడవ చెయ్యకు, వినిపిస్తుంది. చూడు, ఈ సబ్బుల పని ఇవాళ్టితో ఆపెయ్. జయంతి గారికి నేను ఫోన్ చేసి చెప్తాను. నీ ధ్యాస ఇంకోదాని మీద ఉన్నప్పుడు ఈ ఇంట్లో ఏం జరిగిందో మర్చిపోయావా?"

నాలుగేళ్ళలో ఆ మాట అతను నేరుగా అనడం ఇదే మొదటిసారి. బంధువులు అన్నారు. ఆస్పత్రి వరండాలో, హిందూపురం నుంచి వచ్చిన తిమ్మప్ప మామ అందరి ముందూ అన్నాడు, "కోడలు ఇంటిపట్టున ఉండుంటే ఆ ముసల్దానికి ఈ గతి పట్టునా" అని. ఆ రోజు హరిత ఇంటి నుంచే పని చేయాల్సింది. రిలీజ్ అని గచ్చిబౌలి ఆఫీసుకు వెళ్ళింది. మధుసూదన్ కారు సర్వీసింగ్‌కు ఇచ్చి రావడానికి బయటికి వెళ్ళాడు. అతను తిరిగొచ్చి చూసేసరికి సరోజమ్మ బాత్‌రూంలో నేల మీద ఉంది. ఎవరూ లేని ఇంట్లో రెండు గంటలు. ఆ రెండు గంటలను మోయలేకే హరిత నెల తిరక్కుండా రాజీనామా ఇచ్చింది.

"ఆ మాట ఎత్తద్దు మధూ."

ఇద్దరూ తలతిప్పి చూశారు. సరోజమ్మ వాకర్ పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"నువ్వుండమ్మా. వెళ్ళి కూర్చో."

"ఉంటి కదప్పా. నాలుగేండ్ల నుంచి నోరు మూసుకొనే ఉంటి. ఆ పొద్దు నువ్వు యాడికీ పోలేదు. ఇంట్లోనే ఉంటివి. ఆ తలుపు ఏసుకోని, చెవులకు అదే తగిలించుకోని ఉంటివి."

మధుసూదన్ ముఖంలో రంగు లేదు. కాదని అంటాడేమో అని హరిత అతని వైపే చూసింది. అతను అనలేదు. గదిలో లాప్‌టాప్ నుంచి ఎవరిదో గొంతు, "మధూ, ఆర్ యూ దేర్? మధూ?" అని అడుగుతోంది. అతను తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, మెల్లగా వెనక్కి నడిచి లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

హరిత గ్లవ్స్ తీసి సింకు గట్టు మీద పెట్టింది. "నిజమేనా అత్తమ్మా?"

"నిజమే. పడినాక మొదాట నిన్నే పిలిస్తి, అలవాటుగా. నువ్వు ఆఫీసుకు పోయిన సంగతి గ్యాపకం వచ్చి వాణ్ణి పిలిస్తి. నలభైసార్లో యాభైసార్లో. గోడ అవతల వాడు నవ్వేది, మాట్లాడేది నాకు వినపడతాండాది. నాది వానికి వినపల్లేదు. గొంతు పోయినాక చెంబు తీసుకోని నేలకేసి కొడితి. అదీ వినపల్లేదు. బయటికొచ్చి చూసి వాడు చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడు. 'అమ్మా, ఎవరికీ చెప్పద్దు' అన్యాడు. నా కొడుకు కదమ్మా. నలుగుర్లో తల వంచుకుంటాడని నేనూ చెప్పలేదు. నువ్వు ఉజ్జోగం మానుకొనేటప్పుడు చెప్దామనుకొంటి. అప్పటికి నీ మింద ఆధారపడిపోయినా. చెప్తే నువ్వు ఉండవేమో అని భయమాయె."

"అందుకేనా రోజంతా పిలుస్తారు?"

"పిలిస్తే ఎవురన్నా పలుకుతారో లేదో అని. నువ్వు పలికేదాకా నేను ఇంకా ఆ బాత్‌రూంలోనే ఉన్నట్టు ఉంటాది."

హరితకు ఆ మాటకు జాలి కలగాల్సింది. కలగలేదు. "నాలుగేళ్ళు అత్తమ్మా. ప్రతి పిలుపుకూ నా తప్పే అనుకుంటూ పరుగెత్తాను. మీరు చూస్తూ ఉన్నారు."

హరిత చెప్పులేసుకుని బయటికి వచ్చేసింది.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను "ఏందమ్మా, గింత ఎండల నడుసుకుంట పోతున్నరు? ఆటో పిలవాల్నా?" అని అడిగితే వద్దంది. మెయిన్ రోడ్డు మీద "లింగంపల్లి, లింగంపల్లి" అని అరుస్తున్న షేర్ ఆటో ఆగితే ఎక్కింది. ఎక్కడికని అనుకోలేదు. స్టేషన్ దగ్గర దిగి, ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుంది. ఒక ఎంఎంటీఎస్ రైలు వచ్చింది, మనుషులు దిగారు, ఎక్కారు, వెళ్ళింది. ఇంకొకటి వచ్చింది. ఎక్కితే ఎక్కవచ్చు. ఎవరూ పిలవడం లేదు. అయినా ఆమె చెవులు పిలుపు కోసమే ఎదురుచూస్తున్నాయి. మెడ పట్టేసినట్టు, భుజాలు పైకి బిగదీసుకుని కూర్చున్నానని చాలాసేపటికి గ్రహించింది. ఇంట్లోంచి బయటికి వచ్చింది గానీ, ఇల్లు ఆమెలోంచి రాలేదు.

ఉద్యోగం మానేసినందుకు కాదు ఆమెకు దుఃఖం. మానేయమని ఎవరూ బలవంతపెట్టలేదు కూడా. చెయ్యని తప్పుకు తనకు తానే శిక్ష వేసుకుంటుంటే, నిజం తెలిసిన ఇద్దరూ పక్కనే కూర్చుని అన్నం తిన్నారు. అదీ ఆమె మింగలేకపోతున్నది.

రెండున్నరకు ఒక్కసారిగా గిన్నె గుర్తొచ్చింది. పచ్చి సోడా ఉన్న ముద్ద, మూత లేకుండా, యుటిలిటీ గట్టు మీద. సోడా నీళ్ళే కాదు, ఆ ముద్దను కూడా ఒట్టి చేత్తో ముట్టుకోకూడదని ఆ ఇంట్లో ఇద్దరికీ తెలియదు. ఫోన్ కోసం వెతికింది. ఇంట్లోనే వదిలేసి వచ్చింది. లేచి ఆటోల దగ్గరికి పరుగెత్తింది.

తలుపు తీసేసరికి మధుసూదన్ యుటిలిటీలో నిలబడి ఉన్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. కుడిచేతి వేళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. తల్లి పక్కనే స్టూలు మీద కూర్చుని కొంగుతో ఆ చేతిని తుడవబోతోంది.

"తుడవకండి అత్తమ్మా." హరిత అతని మణికట్టు పట్టుకుని కుళాయి కిందికి లాగింది. "పదిహేను నిమిషాలు ఇలాగే పెట్టు. కదపకు."

"గిన్నె కడిగి పెడదామనుకున్నా," అన్నాడు.

నీళ్ళు పడుతున్నాయి. అతని మణికట్టు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. గదిలో లాప్‌టాప్ మోగింది. ఆగింది, మళ్ళీ మోగింది. అతను అటు చూడలేదు.

"ఆ రోజు నీకు ఫోన్ చేసినప్పుడు నిజమే చెప్దామనుకున్నాను హరితా. నువ్వు భయంతో 'నువ్వెక్కడున్నావ్?' అని అడిగావు. ఇంట్లోనే ఉన్నాను, అయినా వినలేదు అని ఎలా చెప్పను? బయటికెళ్ళానని నోటికొచ్చేసింది. సాయంత్రం చెప్దామనుకున్నా. సాయంత్రానికి మామ వాళ్ళు వచ్చేశారు. ఆయన నిన్ను తిడుతుంటే పక్కనే నిలబడ్డాను. ఆ తర్వాత ఇంకెప్పుడు చెప్పాలో తెలియలేదు."

"చెప్పకపోతే పోయావు. ఇవాళ నా మీదే ఎత్తి ఎలా అన్నావు?"

"అనుకుని అనుకుని, నిజంగానే నీ తప్పని నాకే నమ్మకం కుదిరింది. లేకపోతే రోజూ ఆ బాత్‌రూంలో స్నానం చెయ్యలేను."

ఆమె చెయ్యి వదల్లేదు. క్షమించానని కూడా అనలేదు. పదిహేను నిమిషాలూ అయ్యాక కుళాయి కట్టేసి, మెత్తటి బట్ట చుట్టింది.

మధుసూదన్ తల్లిని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమచేత్తో ఫోన్ తీసుకున్నాడు. నంబరు నొక్కి స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు.

"ఏమప్పా మధూ, ఈ యాళప్పుడు చేసినావ్? అక్కయ్య బాగుందా?" తిమ్మప్ప మామ గొంతు.

"బాగుంది మామా. నీకొక మాట చెప్పాల. అమ్మ పడిన రోజు నేను ఇంట్లోనే ఉన్నా. గదిలో కాల్‌లో ఉన్నా. అమ్మ రెండు గంటలు పిలిచింది, నాకు వినపల్లేదు. బయటికి పోయినానని చెప్పింది అబద్ధం. హరితది ఏ తప్పూ లేదు. అందరి ముందర నువ్వు హరితను అన్యావు. నేను ఊరికే నిలబడితి."

అవతల నుంచి ఏదో ట్రాక్టరు చప్పుడు మాత్రం దూరంగా వచ్చింది.

"ఆయమ్మ ఉందా ఆడ?"

"ఇక్కడే ఉన్నాను మామా," అంది హరిత.

"నా కంటే చిన్నదానివి. నీ కాళ్ళు పట్టుకుంటే నీకు పాపమంటారు. ఎవుర్ని అడక్కుండా నోరు పారేసుకుంటి. ఆ రోజు వరండాలో ఉన్నోళ్ళందరికీ నేనే ఫోన్ చేసి చెప్తాలే. అది నా బాధ్యత."

ఫోన్ పెట్టేశాక మధుసూదన్ అక్కడే నేల మీద కూలబడి, తల్లి ఒళ్ళో తల పెట్టాడు. సరోజమ్మ అతని జుట్టులో వేళ్ళు పెట్టి ఊరుకుంది. కాసేపటికి అతనే లేచాడు.

"రసజ్ఞ బస్సు వచ్చే టైం అయింది. నేను వెళ్తా." బయటి గుమ్మం దగ్గర ఆగి అన్నాడు, "రేపటి నుంచి నా టేబుల్ అమ్మ గదిలో వేస్తాను. వైఫై సంగతి నేను చూసుకుంటా. హెడ్‌సెట్ ఒక చెవికే. అమ్మ పిలిస్తే నేను పలుకుతాను. పొద్దున పదింటి నుంచి పన్నెండు దాకా నీది. ఎంత చప్పుడైనా చేసుకో."

హరిత తల ఊపింది. అతను నిలబెట్టుకుంటాడో లేదో చూడాలి అనుకుంది. కానీ అతను చెప్పాడు, ఇద్దరి ముందూ చెప్పాడు.

యుటిలిటీలో గిన్నె అలాగే ఉంది. పారేద్దామని వంగి, ఆగింది. ఇలా బిగిసిపోయిన సబ్బును నీటి గిన్నెలో పెట్టి సన్నసెగ మీద ఉడికిస్తే మళ్ళీ మెత్తబడుతుందని, సోడా ఘాటు కూడా ఉడుకులోనే పోతుందని ఎక్కడో చదివింది. నునుపుగా రాదు. పనికి మాత్రం వస్తుంది, నాలుగు వారాలు ఆగనక్కర్లేదు. ముద్దను ముక్కలు చేసి పొయ్యి మీద పెట్టి, జయంతి గారికి ఫోన్ చేసింది.

"సబ్బులు అనుకున్నంత అందంగా రావండి. పైన గరుకుగా ఉంటాయి. ముందే చెబుతున్నాను."

"అయ్యో, దానికేమండీ. నున్నగా కావాలంటే బజార్లో కొనుక్కునేదాన్ని కదా. వాసన మాత్రం తగ్గించకండి, అమ్మాయి ఊరుకోదు."

హరిత నాలుగేళ్ళలో మొదటిసారి వంటింట్లో గట్టిగా నవ్వింది. ఆ నవ్వు విని సరోజమ్మ వాకర్ ఈడ్చుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుంది. గిన్నెలో ముద్ద అంచుల దగ్గర కరిగి, నెయ్యిలా మెరుస్తోంది. హరిత గరిటెతో మెల్లగా తిప్పుతోంది.

"హరితా," అంది సరోజమ్మ. పక్కనే ఉన్నా అలవాటుగా పిలిచింది.

"చెప్పండి."

"మళ్ళా ఉజ్జోగానికి పోతావామ్మా?"

హరిత గరిట ఆపింది. ఆ ప్రశ్నలో భయం ఉంది. ఆ భయాన్ని దాచుకోకుండా అడిగింది అత్తగారు. వెళ్ళనని చెప్పి ఆమెను ఊరడించే మాట హరితకు అలవాటుగా నోటిదాకా వచ్చింది. దాన్ని వెనక్కి మింగింది.

"తెలియదత్తమ్మా. ఇంకా అనుకోలేదు. పోవాలనిపిస్తే పోతాను."

"పోమ్మా," అంది సరోజమ్మ. "పోవాలనిపిస్తే పో. నన్ను చూడొద్దు. నా కొడుకును కాపాడుకోవాలని నిన్ను కట్టేసుకుంటి. ఇంక చాలు."

హరిత పొయ్యి ఆపింది. గ్లవ్స్ తీసి గట్టు మీద పెట్టింది. ఆస్పత్రి వరండాలో రాని ఏడుపు, రాజీనామా పంపిన రోజు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆపుకోవాలని ఆమె ప్రయత్నించలేదు. లోపల ఎవరికి వినిపిస్తుందోనని చూడలేదు. సరోజమ్మ వాకర్‌ను పక్కకు నెట్టి, కూర్చున్న చోటి నుంచే రెండు చేతులూ చాపి కోడల్ని దగ్గరికి తీసుకుంది.

"ఏడువమ్మా," అంది. "గట్టిగా ఏడువు."